మూడవనాటి సాక్ష్యము

గత సంవత్సరము కార్తికమాసమున నా మిత్రుని భార్య కాలధర్మము నొందెను. మిత్రుడు మా పాఠశాలలో గణితోపాధ్యాయుడు, క్రైస్తవుడు. పదునెనిమిదేండ్లుగా మేమిరువురము ఒకే గదిలో ఒకే బల్లకు రెండువైపుల కూర్చుండి, ఆయన లెక్కలును నేను సంధులును దిద్దుచున్నాము. ఆ యిల్లాలి చేతి కాఫీ నేను త్రాగని వారము లేదు. కాబట్టి భూస్థాపనమునకు నేనును వెళ్లితిని. అచ్చట చెప్పులు విడువవలెనో వలదో తెలియక, వానిని చేతబట్టుకొని గుంటకు కొంచెము దూరమున నిలుచుంటిని.

పాదిరిగారు గ్రంథము తెఱచి, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలోని పదునైదవ అధ్యాయమును మొదటినుండి చదువ నారంభించిరి. అట్టి సమయమున ఊరడింపు మాటలు వినబడునని నేననుకొంటిని. వినబడినది వేరు. మరణించి మూడవనాడు లేచినవాడు మొదట ఎవరికి కనబడెను, తరువాత ఎవరికి, ఒక్కసారిగా ఐదువందలకు పైబడిన యెవరికి, వారిలో నేటికిని బ్రతికియున్నవారెందఱు - ఇట్లు సాగినదా పాఠము. క్రయదస్తావేజు చివర సాక్షుల చేవ్రాళ్లు చదివినట్లుండెను. ఏడ్చుచున్న బిడ్డల నడుమ, తడిమన్ను ప్రక్కను, సాక్షుల పట్టికను చదువుట యేమని నాకు విస్మయము కలిగెను.

నెలదినములు గడచిన పిమ్మట ఒక సాయంకాలము మిత్రుడు మా యింటికి వచ్చి, అరుగుమీద చాలసేపు మాటలాడక కూర్చుండి, తుదకు ఇట్లనెను: "నన్ను ఊరడించినవారు చాలమంది యున్నారు. నీవు ఊరడింపవద్దు. నీవు తర్కము చదివినవాడవు. ఆ దినమున పాదిరిగారు చదివిన సాక్ష్యము నిలుచునా, నిలువదా? నీకు తోచినది తోచినట్లు చెప్పుము."

ఈ ప్రశ్న నన్నే యేల యడిగెనో నాకు తెలియును. ఏడెనిమిదేండ్ల క్రిందట విద్యార్థుల సాహిత్యసమితిలో మూఢవిశ్వాసములను గూర్చి నేనొక యుపన్యాసము చేసితిని. మన పురాణములలోని వింతలను ఖండించి, పక్షపాతము లేదని చూపుకొనుటకు కాబోలు, తుదిని ఒక వాక్యమున చచ్చినవాడు లేచెనన్న క్రైస్తవుల కథనుకూడ పుక్కిటిపురాణములలో జేర్చితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మిత్రుడు వెనుక వరుసలో కూర్చుండి పరీక్షాపత్రములు దిద్దుకొనుచుండెను, తల యెత్తలేదు. ఆ వాక్యము పలుకుటకు ముందు నేనా గ్రంథములలో ఒక్క పుటయైనను శ్రద్ధగా చదివియుండలేదు. చదువరులారా, చదువక ఖండించుటయు చదువక నమ్ముటయు నొకటేయని నలుగురికి బోధించుచు జీతము పుచ్చుకొనువాడను నేను.

కాబట్టి వేసవి సెలవులన్నియు ఈ విచారమునకే వినియోగించితిని.

నాకు మొదట తెలిసినది నా యజ్ఞానమే. సువార్తలు నాలుగును ముందు పుట్టినవనియు, పౌలు లేఖలు వానికి వ్యాఖ్యానముల వంటివనియు నేను తలచియుంటిని. క్రమము తలక్రిందులు. యేసును సిలువ వేసినది క్రీ. శ. 30లో గాని 33లో గాని యని పండితులు చెప్పుదురు. పౌలు కొరింథీయులకు ఆ లేఖ వ్రాసినది 53, 55 సంవత్సరముల నడుమ. సువార్తలలో మొదటిదైన మార్కు 70 ప్రాంతమున పుట్టినది. మత్తయి, లూకా అటుపై పది యిరువదియేండ్లకు. యోహాను శతాబ్ది చివరకు. పాదిరిగారు గుంట ప్రక్కను చదివిన పట్టికయే అన్నిటికంటె పాతది.

అంతేగాదు. ఆ పట్టిక తన కల్పన కాదనియు, తాను గ్రహించినదానినే వారికి అప్పగించితిననియు పౌలే చెప్పును. ఈ గ్రహించుట, అప్పగించుట యను రెండుమాటలు యూదగురువులు సంప్రదాయపాఠమును గూర్చి వాడు పారిభాషికములు. మన వేదపాఠశాలలలో గురుముఖమున విని శిష్యునకు చెప్పుట వంటివి. మఱి యెవరివలన గ్రహించెను? గలతీయులకు వ్రాసిన లేఖలో, తాను మతము మారిన మూడేండ్లకు యెరూషలేమునకు వెళ్లి పేతురునొద్ద పదునైదు దినములుంటిననియు, ప్రభువు సహోదరుడైన యాకోబును చూచితిననియు ఆయన వ్రాసియున్నాడు. ఆ పట్టికలో ఈ యిరువురి పేళ్లును గలవు. అనగా ఆ సాక్ష్యము ముప్పదినలువదేండ్ల తరువాత ఊరూర తిరిగి పెరిగిన గాథ కాదు. సంఘటన జరిగిన పదియేండ్లలోపలనే, జరిగినదని చెప్పబడు పట్టణముననే, ఆ మనుష్యుల నోటినుండియే విన్నది. పౌలు లేఖల ప్రతులలో మనకు దొరికినవానియందు పాతది 200 ప్రాంతమున వ్రాసిన పత్రపుంజము. దాని యాకులు కొన్ని డబ్లినులోను కొన్ని అమెరికాలోని మిచిగను విశ్వవిద్యాలయమునను ఉన్నవి. మన కవుల తాళపత్రప్రతులకును కవుల కాలమునకును గల దూరము నెఱిగిన నావంటివానికి, నూటయేబదియేండ్ల దూరము దూరముగనే తోచలేదు.

ఇది చదివిన రాత్రి నా పుక్కిటిపురాణము మాట నాకు జ్ఞప్తికి వచ్చి నిద్ర చెడినది.

శబ్దప్రమాణమును గూర్చి మన నైయాయికులు అడుగునవి ముఖ్యముగా రెండు. చెప్పువాడు విషయము నెఱిగినవాడా? ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడా? రెండవప్రశ్నకు ఈ సాక్షులు చాలవఱకు నిలుతురు. పౌలు ఆ మతమును హింసించినవాడు. యాకోబు అన్నగారి జీవితకాలమున ఆయనను నమ్మినవాడు కాడని సువార్తలే చెప్పుచున్నవి. అట్టి యాకోబు యెరూషలేము సంఘమునకు పెద్దయై, తుదకు 62లో ప్రధానయాజకుని యానతిచే రాళ్లతో కొట్టబడి చచ్చెను. ఇది క్రైస్తవుడు చెప్పినమాట కాదు. జోసీఫసను యూద చరిత్రకారుడు వ్రాసినది. అబద్ధమని యెఱిగిన దానికొఱకు మనుష్యుడు చచ్చునా యని పాదిరులడుగుదురు. అబద్ధమని యెఱిగి చావడు, నిజమే. కాని పొరపాటుపడినవాడు చచ్చును. లోకములో చచ్చినవారిలో వారే యెక్కువ. ఆ వాదము కపటమును త్రోసివేయును గాని భ్రమను త్రోసివేయదు.

మొదటి ప్రశ్న, అనగా వారు కన్నదేమి యనునది, అంత సులభము కాదు. పౌలు ఆ పట్టిక పొడుగునను వాడిన గ్రీకు క్రియ యొక్కటే, కర్మణిప్రయోగము, కనబడెను అని మనము చెప్పవచ్చును. పేతురునకు కనబడెను, యాకోబునకు కనబడెను, అందఱికి కడపట నాకును కనబడెను. తనకు కనబడినది దమస్కు మార్గమున. అపొస్తలుల కార్యములను గ్రంథమున ఆ కథ మూడుమాఱులు చెప్పబడినది. మూటను వెలుగును, శబ్దమును ఉన్నవి. పట్టిచూచుటకు చేయిగాని కాలుగాని లేదు. అట్టి దర్శనమును పౌలు పేతురు దర్శనముతో ఒకే క్రియతో ఒకే వరుసను నిలిపెను. పేతురు కన్నదియు అట్టిదేనా, లేక చేతికందు శరీరమా? వ్యాకరణము ఈ ప్రశ్నను లేవనెత్తును గాని తీర్పదు. ఇక ఐదువందలమందియో, వారికి పేళ్లు లేవు, ఊరు లేదు, సువార్తలలో ప్రసక్తియే లేదు. బ్రతికియున్నవారిని వెళ్లి యడుగుడని పౌలు సూచించుట ధైర్యమే; కాని కొరింథునుండి వెళ్లి యడిగినవాడెవడో, వానికి వారు చెప్పినదేమో, మనకు మిగిలియుండలేదు.

సువార్తలయొద్దకు వచ్చినప్పుడు నాకు పరీక్షాపత్రములు దిద్దిన యనుభవము ఉపకరించినది. సమాధి యొద్దకు వెళ్లిన స్త్రీలు యోహానులో మగ్దలేనే మరియ యొక్కతె, మత్తయిలో ఇరువురు, మార్కులో మువ్వురు, లూకాలో మరికొందఱు. వారికి లోపల కనబడినవాడు మార్కులో పడుచువాడొకడు. లూకాలో ఇద్దఱు మనుష్యులు. యోహానులో ఇద్దఱు దూతలు. మత్తయిలో దూత రాతిమీద కూర్చుండియున్నాడు. ఇట్టి భేదములను చూపి కథయంతయు కల్ల యనువారు కలరు. నే నట్లనను. నలుగురు పిల్లల జవాబులు అక్షరాలా నొకటియైనప్పుడు నాకు సందేహము కలుగును గాని, చిల్లర భేదములున్నప్పుడు కలుగదు.

కాని మఱియొక సంగతి కలదు. మత్తయి, లూకా లిరువురును మార్కును ఎదుట నుంచుకొని వ్రాసినవారని పండితులలో అధికసంఖ్యాకుల యభిప్రాయము. మార్కు ప్రాతప్రతులలో కథ ఎంతవఱకున్నది? స్త్రీలు శూన్యసమాధిని చూచి, భయపడి, పరుగెత్తి, ఎవ్వరితోను ఏమియు చెప్పలేదనుటతో సరి. తరువాతి పండ్రెండు వాక్యములు నాలుగవ శతాబ్దినాటి రెండు మహాప్రతులలో, అనగా సీనాయి ప్రతిలోను వాటికను ప్రతిలోను, లేవు. అచ్చటివఱకు మత్తయియు లూకాయు ఇంచుమించుగా నొక త్రోవను నడచిరి. అచ్చటినుండి మత్తయి శిష్యులను గలిలయకు గొనిపోయెను, లూకా వారిని యెరూషలేము విడువవలదనెను. చూచి వ్రాయు కాగిత మెచ్చట ముగిసినదో అచ్చటనే పిల్లలిద్దఱును సొంతజవాబు మొదలిడినట్లు! ఇది చూచినప్పుడు నాకు నవ్వు వచ్చినమాట నిజము. వెంటనే ఆ గుంట ప్రక్కను నిలిచిన మిత్రుని ముఖము జ్ఞప్తికి వచ్చి నవ్వు నిలిచినది.

స్త్రీల సాక్ష్యమును గూర్చి కొంత చెప్పక తప్పదు. ఆ కాలపు యూదులు స్త్రీల సాక్ష్యమును అంగీకరింపరాదనిరి. వారి చపలత్వము అందులకు కారణమని జోసీఫసు వ్రాసెను. మన మనువును స్త్రీలు పరిశుద్ధురాండ్రైనను, పెక్కుమందియైనను, వారి బుద్ధి నిలుకడలేనిది కనుక సాక్షులు కారాదనెను. సముద్రముల కావల నొకడు, ఈవల నొకడు, ఒకే మాట! రెండవ శతాబ్దిలో సెల్ససను పండితుడు క్రైస్తవుల నవహసించుచు, ఈ లేచినవానిని కన్నది ఉన్మాదిని యగు నొక యాడుది గదా యని యెత్తిపొడిచెను. ఇట్లుండగా, కథను కల్పించువాడు ముఖ్యసాక్షులుగా స్త్రీల నేల నిలుపును? పేతురునో యాకోబునో నిలిపియుండడా? క్రైస్తవపండితుల ఈ వాదము నా మనస్సునకు చాల పట్టినది. లూకాలోనైతే ఆ స్త్రీలు వచ్చి చెప్పినప్పుడు పురుషశిష్యులే అది వట్టిమాట యని నమ్మలేదు. మన యిండ్లలో ఆడువారు చెప్పిన నిజము లెన్ని యిట్లే కొట్టివేయబడుచున్నవో ఈ పత్రికను చదువువారికి నేను చెప్పనక్కఱలేదు. ఐనను ఎదుటి పక్షమునకును మాట కలదు. శవమునకు సుగంధద్రవ్యములు పూయబోవుట ఆనాడు స్త్రీల పని. కథ సమాధియొద్ద జరుగవలెననిన అచ్చటికి పోదగినవారు వారే. పౌలు పట్టికలోనో స్త్రీ పేరు ఒక్కటియు లేదు. కొట్టివేసినారో, ఆ కథ ఆయన యెఱుగడో!

రాళ్లు చెప్పు సాక్ష్యమును త్వరగా ముగింతును. పిలాతు పేరు గల శిలాశాసనము 1961లో కైసరయలో దొరికినది. సిలువ వేయబడిన వారికి సమాధి దక్కదను నాక్షేపమునకు ప్రతిగా, 1968లో యెరూషలేము చెంత నొక సమాధిలో, మడమ యెముకలో మేకు దిగియున్న యొక మనుష్యుని యస్థులు పెట్టెలో భద్రపఱచి దొరికినవి. కనుక సిలువకు ఎక్కినవానిని బంధువులు పూడ్చుట యసంభవము కాదు. ఇవి నాటకమునకు రంగస్థలము నిజమైనదని చెప్పును గాని అందు జరిగినదానిని చెప్పవు. సమాధులను చెఱచినవారికి మరణదండన విధించు నజరేతు శాసనమని పేరుపడిన పాలరాతి పలకను శూన్యసమాధి వార్తకు రోమను ప్రభుత్వపు బదులుగా చాలకాలము కొందఱు చూపుచుండిరి. 2020లో ఆ రాతిని పరీక్షింపగా అది కోసను గ్రీకు ద్వీపపు రాయి యని తేలినది. తూరినులోని శవవస్త్రమును 1988లో మూడు పరిశోధనాలయములు పరీక్షించి 1260, 1390 సంవత్సరముల నడుమ నేసినదని తేల్చినవి. ఇట్టివానిని సాక్ష్యముగా చూపువారు తమ వ్యాజ్యమును తామే చెఱచుకొనుచున్నారు.

ఈ గ్రంథములలో నాకు మిక్కిలి గౌరవము కలిగించినది వేఱొకటి. లేచుటను చూచితినని చెప్పినవాడు నలుగురిలో నొక్కడును లేడు. రాయి దొర్లిన తరువాతి సంగతియే కాని, లోపల జరిగినదానిని ఎవడును వర్ణింపలేదు. 1886లో ఈజిప్టులోని అఖ్మీములో తవ్వకములు మొదలైన శీతకాలమున దొరికిన పేతురు సువార్త యను నొక యప్రామాణిక గ్రంథఖండమున ఆ వర్ణనయు గలదు: ఆకాశము నంటు తలలు గల యిరువురు, ఆకాశమును మించిన తల గల యొకడు, వారివెంట నడచివచ్చు సిలువ, అది మాటలాడుటయు. మన పురాణములు చదివిన నాకు ఈ ధోరణి చిరపరిచితము. దానిని చదివి పిమ్మట మార్కును చదివినవానికి, భయపడి పరుగెత్తిన ఆ మువ్వురు స్త్రీలు మనుష్యులవలె కనబడుదురు.

ఇక నిర్ణయము. శవమును శిష్యులే దొంగిలించిరను మాట మత్తయి కాలముననే పుట్టినది. దానిని ఆయనయే వ్రాసి ఖండించెను. యేసు చావక మూర్ఛిల్లెననువారికి, ఆ మతమును అంగీకరింపని జర్మను పండితుడు స్ట్రౌసే బదులు చెప్పెను: సగము చచ్చి, కట్లు కట్టించుకొనవలసిన స్థితిలో వచ్చినవానిని చూచి మృత్యువును జయించినవాడని యెవడనును? దర్శనవాద మొకటి మిగులును. అనగా దుఃఖముచేతను, పశ్చాత్తాపముచేతను పేతురునకు ఆయన కనబడినట్లయ్యెను. ఒకరినుండి యొకరికి అది ప్రాకెను. ఇది 1835లో స్ట్రౌసు చెప్పినది. 1994లో గెర్డ్ ల్యూడమను మరల చెప్పినది. దీనిని 2003లో నికొలస్ థామస్ రైటను ఆంగ్లపండితుడు ఒక మహాగ్రంథమున ఖండింప యత్నించెను. శూన్యసమాధియు దర్శనములును రెండును కలిసినగాని ఆ విశ్వాసము పుట్టదనియు, రెండింటికిని పునరుత్థానమే తగిన కారణమనియు ఆయన వాదము.

ఈ వాదము నాకు కొత్తది కాదు. ఇది మన మీమాంసకుల అర్థాపత్తియే. దేవదత్తుడు పగలు తినడు, అయినను బలిసియున్నాడు, కనుక రాత్రి తినుచుండవలెను. చూచినవాడు లేకున్నను ఆ రాత్రిభోజనమును ఒప్పుకొనక తప్పదు. శిష్యులు సిలువనాడు పాఱిపోయిరి. కొలదిదినములకు అదే పట్టణమున నిలిచి ప్రాణముల కాశపడక మాటలాడిరి. కనుక నడుమ నేదో జరిగియుండవలెను. ఇంతవఱకు నేను సంపూర్ణముగా అంగీకరింతును. కాని అర్థాపత్తికి ప్రాణము అన్యథానుపపత్తి. మఱియొక విధమున పొసగునేని అది చచ్చును. దేవదత్తునకు రాత్రిభోజనము పొసగుట కేమి యడ్డు? ప్రతిదినము కోట్లకొలది జనులు రాత్రి తినుచున్నారు. చచ్చినవాడు లేచుట అట్టిది కాదు. మఱియొకప్రక్క, ఆశ భగ్నమైన భక్తులు ఆశ విడువక కొత్త యర్థము కల్పించుకొనుట చరిత్ర యెఱిగినదే. సబ్బతై సెవీ యను యూదుడు తానే మెస్సీయాననెను. 1666లో సుల్తాను భయమున మహమ్మదీయ మతము పుచ్చుకొనెను. అయినను కొందఱనుచరులు ఆయన దిగజాఱుటయు దైవరహస్యమే యని శతాబ్దములు నమ్మిరి.

నేనిది చెప్పినప్పుడు మిత్రుడు గణితమునుండి ప్రతిపక్షము తెచ్చెను. అద్భుతమును గూర్చిన సాక్ష్యము అబద్ధమగుట ఆ యద్భుతముకంటె వింతయైనగాని నమ్మరాదని హ్యూము 1748లో వ్రాసెను గదా. బేయిసు చనిపోయిన తరువాత ఆయన సంభావ్యతావ్యాసమును 1763లో లోకమున కందించిన రిచర్డు ప్రైసే, 1767లో హ్యూమునకు బదులు వ్రాసెనట. లాటరీలో ఫలానా సంఖ్య గెలుచుట యత్యంతము దుర్లభము. అయినను పత్రికలో నచ్చువేసిన మాత్రమున నమ్ముచున్నాము గదా! నేను రెండు దినము లాలోచించి, లాటరీలో ఏదో యొక సంఖ్య గెలువక తప్పదు, సమాధులలో ఎవడో యొకడు లేవక తప్పదని లేదు గదా యంటిని. "ఔను, అది లెక్కలో నొప్పే" యని ఆయన తల యూచెను. ఒప్పుకొన్నాడో, నా సంఖ్యలను మాత్రమే దిద్దినాడో తెలియలేదు.

నన్ను కలవరపఱచినది హ్యూము కాదు, మా నాయనమ్మ. 1671లో సజీవముగా బృందావనమున ప్రవేశించిన రాఘవేంద్రస్వామి, నూఱేండ్లు దాటిన పిమ్మట, దత్తమండలముల కలెక్టరైన మన్రో దొరకు మంత్రాలయమున కనబడి మాటలాడెనని ఆమె చిన్ననాడు మాకు చెప్పుచుండెడిది. దొర పరమతస్థుడు, అధికారి, అబద్ధమాడ నక్కఱలేనివాడు. పౌలునకు పాదిరులు చెప్పు యోగ్యతలన్నియు ఉన్నవి! నేను దానిని నమ్మలేదు. ఏల నమ్మలేదని నన్ను నేనెన్నడును అడుగుకొనలేదు. ఒక కంట వెన్నయు నొక కంట సున్నమును పెట్టుట తగదుగదా. మన్రో కథను పరీక్షింపక త్రోసివేసి పౌలు పట్టికకు మూడునెలలు వెచ్చించుట న్యాయమా? న్యాయము కాదు, అయినను రెండు కథలకును భేదము లేదనుటయు న్యాయము కాదు. పౌలు తన దర్శనమును తన లేఖలో తానే చెప్పుకొనుచున్నాడు. మన్రో కన్నదానిని నేను మా నాయనమ్మ నోటనే వింటిని. కథ యొకటి, చేవ్రాలు గల జాబు ఒకటి.

పింకాసు లపీదె యను యూదమతపండితుడొకడు యేసు లేచుట చరిత్రలో జరిగినదేయని 1977లో గ్రంథము వ్రాసెను. అయినను క్రైస్తవుడు కాలేదు, యూదుడుగనే యుండెను. జరిగినదని యొప్పుకొన్నంత మాత్రమున మతము మారనక్కఱలేదని దీనివలన తెలియుచున్నది. ఇక లెస్సింగు 1777లో తనకును విశ్వాసమునకును నడుమ వికారమైన వెడల్పుకందక మొకటి కలదనియు, ఎంత యత్నించినను దూకలేకపోయితిననియు వాపోయెను. నేను లెస్సింగు ప్రక్కను నిలుచువాడను. ఆ మనుష్యులు ఏదియో కన్నారనుట, ఆ కాలపు చరిత్రలో మనము నిశ్చయముగా చెప్పదగినవానిలో నొకటి. సమాధి శూన్యమనుట సంభావ్యము, నిశ్చయము కాదు. లేచెననుట నా ప్రమాణములకు అందదు. ఇవి యన్నియు ఇరువది పుటల పుస్తకముగా వ్రాసి, పాఠశాల తెఱచిన మొదటి దినమున మిత్రుని కిచ్చితిని. పుక్కిటిపురాణ మన్న మాటకు క్షమార్పణమును మొదటి పుటలోనే వ్రాసితిని.

వారము దినములకు ఆయన పుస్తకమును తిరిగి యిచ్చెను. లెక్కల పుస్తకమునందువలె ఒక్కచోట ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టియుండెను. ఐదువందలమందిలో పెక్కురు బ్రతికియున్నారనియు కొందఱు నిద్రించిరనియు పౌలు చెప్పినచోట, నేను నిద్రించినవారిని సాక్షుల సంఖ్యనుండి తీసివేయవలెనని వ్రాసితిని.

"వారిని నీవు తీసివేసితివి," అనెను మిత్రుడు. "ఆ యధ్యాయమంతయు వారి కొఱకే."

గ్రంథము తెఱచి చూచితిని. మృతులు లేవరని కొరింథులో కొందఱనుచుండిరట. వారికి బదులుగా పౌలు ఆ పట్టికను ముందుంచెను. నేను మూడునెలలు శ్రమపడినది ఎనిమిదవ వాక్యముతో నిలిచినది. అధ్యాయమున ఏబదియెనిమిది వాక్యములున్నవి. తక్కినవానిలో సాక్షులు లేరు. విత్తనము, మన్ను, ధాన్యపుగింజ, నక్షత్రములు ఉన్నవి. పాదిరిగారు ఆ దినమున అవియు చదివియే యుందురు, నేను వినలేదు.

"నీవు నమ్ముచున్నావా?" యని యడిగితిని. పదునెనిమిదేండ్లలో ఆ ప్రశ్న నేనాయన నడుగుట అదియే మొదటిసారి.

"కొన్ని దినములలో నమ్ముదును," అనెను. "కొన్ని దినములలో నీ పుస్తకమంతకూడ నమ్మను. ఆదివారము మాత్రము వెళ్లుచున్నాను." ఆ పిమ్మట జేబులోనుండి మడత కాగితమొకటి తీసి బల్లపై నుంచెను. సంవత్సరాంతమున సమాధిపై నిలుపవలసిన రాతికి చెక్కుడుపనివాడు వ్రాసి పంపిన నమూనా. అచ్చునకు పోవుముందు తప్పులు చూడుమనెను. ఆమె పేరు, తేదులు సరిగనే యున్నవి. క్రిందిపంక్తిలో 'నిధ్రించెను' అని వత్తుతో నుండెను. నేను ధకారమును కొట్టివేసి, దకారము వ్రాసి, కాగితమును ఆయన కిచ్చితిని.